వీసా అక్కరలేని ప్రయాణం - వైద్యుడు అడిగే ప్రశ్నలు

“డాక్టరుగారూ, ఓ సంతకం పెట్టండి, చాలండి. వీసా అక్కరలేదటండి. పాస్‌పోర్టు కూడా అక్కరలేదటండి. ఈ ఒక్క కాగితమే తెమ్మన్నారండి.”

అమలాపురం దాపున ఓ లంక గ్రామం నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారి మాటలివి. ఆయనకు 71 ఏళ్ళు, వెంట వచ్చిన ఇల్లాలికి 66. కాశీ, గయ, అయోధ్య చూసుకుని, అటునుంచి నేపాలులో ప్రవేశించి, పశుపతినాథుణ్ణీ ముక్తినాథుణ్ణీ సేవించుకుని పదహారు రోజుల్లో ఇల్లు చేరే బస్సు యాత్ర అది. డబ్బు కట్టేశారు. యాత్ర నడిపేవారు ఇచ్చిన అచ్చు కాగితం మీద “వీరు ప్రయాణమునకు తగిన ఆరోగ్యము కలిగియున్నారు” అని రాసి ఉంది. కింద వైద్యుడి సంతకానికి గీత.

మాస్టారికి అంతకు రెండు నెలల క్రితమే గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ సంగతి ఆయన నాతో చెప్పలేదు. చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న మందుల చీటీ చెప్పింది.

నేను సంతకం పెట్టలేదు. ఆయన నొచ్చుకున్నారు. “దేవుడి దగ్గరికేగదండీ, మరోచోటికా” అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు కాని, ఆ కాగితం గురించి మాత్రం మాట్లాడవలసింది చాలా ఉంది. ఇలాంటి కాగితాలు నెలకు అయిదారైనా నా బల్ల మీదికి వస్తున్నాయి గనుక ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను.

వీసా అంటే ఏమిటి? మా దేశంలోకి మీరు రావచ్చునని ఆ దేశం వారు ముందుగా ఇచ్చే అనుమతి. ఆ అనుమతి ఇచ్చే ముందు వారు నాలుగు ప్రశ్నలు వేస్తారు, కొందరైతే ఒంటిని కూడా పరీక్ష చేయిస్తారు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువాయిట్‌కో, దుబాయికో ఉద్యోగానికి వెళ్ళిన కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఛాతీ ఎక్సురే, రక్తపరీక్షలు, అన్నీ అయ్యాకే ముద్ర పడుతుంది. ఎక్సురేలో పాత క్షయ మచ్చ కనబడి, కొన్న సూట్‌కేసు అటక మీద పెట్టేసిన కుర్రవాళ్ళను నేను ఎందరినో చూశాను. వీసా లేని ప్రయాణంలో ఆ బాధ లేదు. ఎవరూ ఏమీ అడగరు. చిక్కంతా అక్కడే ఉంది. అడిగేవాడు లేడు గనుక మన ఒంటి సంగతి మనమే అడిగి తెలుసుకోవాలి.

నిజానికి ఇలాంటి ప్రయాణం మన గోదావరి ప్రాంతానికి పాత అలవాటే. మా తాతల తరంలో “రంగం వెళ్ళాడు” అంటే రంగూను వెళ్ళాడని అర్థం. కాకినాడలో స్టీమరెక్కితే చాలు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే గనుక వీసా ప్రసక్తి లేదు. అంతకు ముందు తరాలవారు కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ దాకా పోయారు. వారిలో ఎందరు ఓడ మీద జ్వరాలతో పోయారో ఎవరు లెక్క రాశారు! ఈనాడు ఓడలు లేవు, ఆ జ్వరాలకు మందులున్నాయి. కాని ఈనాటి యాత్రికుడు ఆనాటి కూలీవంటి పాతికేళ్ళ పడుచువాడు కాడు. డెబ్బై ఏళ్ళవాడు, సంచీలో ఆరు రకాల మాత్రలున్నవాడు.

నేపాలుకు కావలసిన కాగితాలు

ముందు కాగితాల సంగతి చూద్దాం. అది తేలిక.

1950 జూలై 31న రెండు దేశాల మధ్య కుదిరిన ఒడంబడిక నాటి నుంచి భారతీయులకు నేపాలు వెళ్ళడానికి వీసా లేదు. కాని గుర్తింపు కావాలి. పెద్దవారికి పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం వారిచ్చిన ఓటరు కార్డు గాని ఉండాలి. విమానంలో వెళ్ళేవారు ఈ రెండింటిలో ఒకటి లేనిదే ఎక్కలేరు. ఆధార్ కార్డు సంగతిలో చాలామంది పొరబడుతున్నారు. 65 ఏళ్ళు దాటినవారికి, 15 ఏళ్ళలోపు పిల్లలకు మాత్రమే ఆధార్ చెల్లుతుందని 2019లో కేంద్ర హోం శాఖ ప్రకటించింది. మధ్య వయసువారికి అది చాలదు. 15 నుంచి 18 మధ్య పిల్లలకు స్కూలు హెడ్మాస్టరు ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి.

ఇక్కడొక చమత్కారం ఉంది. మన పల్లెల్లో పెద్దవారికి పుట్టినతేదీ ఎవరు రాసి పెట్టారు? కార్డు రాయించుకున్ననాడు గుమాస్తా అడిగితే “ఉప్పెన నాటికి నా పెళ్ళయి మూడేళ్ళు” అన్నారు, ఆయన జనవరి 1 వేసి ఏదో ఒక సంవత్సరం రాసేశాడు. అసలు వయసు డెబ్బై అయినా కార్డు మీద 63 అని ఉంటే సరిహద్దులో కార్డు మాటే చెల్లుతుంది. బయలుదేరే ముందు కళ్ళజోడు పెట్టుకుని ఓసారి చూసుకోండి. ఓటరు కార్డులో ఇంటిపేరు ఒకలాగ, ఆధార్‌లో ఒకలాగ ఉన్నా ముందే సరిచేయించుకోవడం మంచిది. ఆస్పత్రిలో చేరవలసి వచ్చినా, ఇన్సూరెన్సు డబ్బు అడగవలసి వచ్చినా ఆ పేరే కదా అక్కరకు వచ్చేది.

మానస సరోవరం దారి వేరు. అది టిబెట్టులో, అంటే చైనా అధీనంలో ఉంది గనుక వీసా, అనుమతి పత్రాలు రెండూ కావాలి. దాని సంగతి మరోసారి రాస్తాను.

ఏటిగట్టు మనుషులు, ముక్తినాథ్ కొండ

ఇక అసలు విషయం. అమలాపురం, భీమవరం, పాలకొల్లు - ఇవి సముద్రమట్టానికి పది మీటర్లైనా ఎత్తున లేవు. కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. అక్కడ పుట్టి, అక్కడే డెబ్బై ఏళ్ళు ఊపిరి పీల్చిన మనిషిని ముక్తినాథ్ తీసుకుపోతున్నారు. ఆ గుడి ఉన్నది సుమారు 3,700 మీటర్ల పైన. మన తిరుమల వెయ్యి మీటర్ల లోపే. తిరుమల కొండ మీద తిరుమల కొండను నాలుగుసార్లు పేర్చినా ముక్తినాథుడి గడప అందుతుందో లేదో! కేదారం కంటే కూడా ఇది ఎత్తు.

అంత ఎత్తున గాలి పలుచన. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు కాని, గాలి ఒత్తిడి తగ్గిపోతుంది గనుక ఒక్కో ఊపిరికి మనకు అందే ప్రాణవాయువు ఇక్కడికంటే మూడోవంతుకు పైగా తక్కువ. రోజుల తరబడి నెమ్మదిగా ఎక్కితే శరీరం సర్దుకుంటుంది. ఊపిరి వేగం పెంచుకుంటుంది, రక్తం తనను తాను మార్చుకుంటుంది. కాని ఈ యాత్రల్లో ఎక్కిస్తున్న తీరు చూడండి. పొఖరా ఊరు సుమారు 820 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ తెల్లవారుజామున చిన్న విమానం ఎక్కితే ఇరవై నిమిషాల్లో జోమ్సోమ్‌లో దిగుతారు. అది 2,700 పైమాట. మధ్యాహ్నమైతే ఆ లోయలో గాలి ఉధృతంగా వీస్తుంది, విమానాలు తిరగవు, అందుకని అంతా పొద్దున్నే. అక్కడి నుంచి జీపు. ఆ పూటే 3,700. నిన్న సాయంత్రం పొఖరా సరస్సు గట్టున టీ తాగిన మనిషి ఇవాళ పదిగంటలకు కేదారం కంటే ఎత్తున నిలబడి ఉంటాడు. రోడ్డు దారిన బేనీ, తాతోపాని మీదుగా వెళ్ళినా ఒకటి రెండు రోజుల తేడాయే.

ఇలా గబాలున ఎక్కినవారికి ఆరు నుంచి పన్నెండు గంటల లోపు తలనొప్పి మొదలవుతుంది. అన్నం సహించదు, వికారం, వాంతి, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం. దీన్ని మనవాళ్ళు “బస్సు పడలేదు”, “నూనె మారింది”, “దిష్టి” అని సరిపెట్టుకుంటారు. కాదండీ. 2,500 మీటర్లు దాటిన తర్వాత వచ్చిన తలనొప్పిని, వేరే కారణం తేలేదాకా, కొండ జబ్బు అనే అనుకోవాలి. తేలికగా ఉంటే ఆ ఎత్తునే ఆగి విశ్రాంతి తీసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, ముఖ్యంగా కూర్చున్నా ఆయాసం రావడం, దగ్గుతో నురగ పడటం, నడకలో తూలడం, పొంతన లేకుండా మాట్లాడటం - వీటిలో ఒక్కటి కనబడినా ఊపిరితిత్తుల్లోకో, మెదడులోకో నీరు చేరుతోందన్నమాట. అప్పుడు మందు ఒక్కటే - కిందికి దిగడం. రాత్రయినా సరే. పొద్దున్నే స్నానం చేసి దిగుదామంటే ఆ పొద్దు చూడకపోవచ్చు.

కర్పూరం పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుంటే సరిపోతుందని యాత్రల్లో చెబుతారు. దానివల్ల మనసుకు హాయి తప్ప రక్తానికి ప్రాణవాయువు రాదు. అరచెయ్యంత ఆక్సిజన్ డబ్బాలు అమ్ముతారు. అవి కొద్ది నిమిషాల ముచ్చట. ఆ డబ్బా చేతిలో ఉందన్న ధైర్యంతో ఇంకా పైకి ఎక్కేవాళ్ళుంటారు, అదీ నా భయం. కోవిడ్ రోజుల్లో కొన్న వేలి మీది మీటరు కూడా వెంట తెచ్చుకుంటారు కొందరు. ఇంట్లో 97 చూపినది అక్కడ 86, 88 చూపితే గుండె జారిపోనక్కరలేదు, ఆ ఎత్తున చాలామందికి అంతే. మనిషి ఎలా ఉన్నాడన్నదే లెక్క.

మరి వెళ్ళకూడదా? వెళ్ళవచ్చు. యాత్ర నడిపేవారిని ముందే నిలదీసి అడగండి - “ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటాం? ఆ ఊరి ఎత్తెంత?” జోమ్సోమ్‌లోనో, మార్ఫాలోనో, ఆ చుట్టుపక్కల 2,700 ఎత్తున కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఉంచి, మూడోనాడు పగలు పైకి తీసుకుపోయి, దర్శనం చేయించి, మళ్ళీ కిందికి తెచ్చి పడుకోబెట్టేవారైతే వారితో వెళ్ళండి. పగలు ఎంత ఎక్కినా రాత్రి కిందికి వచ్చి పడుకోవడమే కొండల వాళ్ళ పద్ధతి. “మాకు టైము లేదండి, అదే రోజు ముగించేస్తాం” అంటే మీ డబ్బు వెనక్కి అడగండి.

అసిటజోలమైడ్ అనే మాత్ర ఒకటుంది. ఎక్కబోయే ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు వేసుకుంటే శరీరం త్వరగా సర్దుకుంటుంది. మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, అందుకు భయపడనక్కరలేదు. కాని సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బున్నవారు మీ డాక్టరు నోటి మాట లేకుండా వేసుకోవద్దు. ఎదుటింటివారు వేసుకున్నారని అసలే వద్దు.

ఎవరు ఆగాలి? గుండెపోటు వచ్చిగాని, స్టెంటు వేయించుకునిగాని కొద్ది నెలలే అయినవారు. నాలుగడుగులకే ఛాతీ పట్టేసేవారు. రక్తపోటు అదుపులో లేనివారు. పొయ్యి పొగలోనో, చుట్ట పొగలోనో ఊపిరితిత్తులు పాడయి ఇక్కడే ఆయాసపడేవారు. రక్తం బాగా తక్కువగా ఉన్నవారు - ఈ మాట ఆడవారికి మరీ చెబుతున్నాను. ప్రాణవాయువును మోసేది రక్తంలోని హెమోగ్లోబిన్. అది ఎనిమిదో తొమ్మిదో ఉన్న ఇల్లాలు ఇక్కడ ఇంటి పనంతా చేసుకుంటున్నానని ధీమాగా ఉంటుంది. అక్కడ ఆ ధీమా నిలవదు. మూడు నెలల ముందు రక్తం పరీక్ష చేయించుకుంటే ఇనుము మాత్రలతో సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మూడు రోజుల ముందు వస్తే నేను చేయగలిగేది సంతకం నిరాకరించడం ఒక్కటే.

మీ ఓపిక చూసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. గుండె జబ్బు లేనివారు ఓ ఉదయం కోరుకొండ మెట్లో, అన్నవరం మెట్లో ఎక్కి చూడండి. నిదానంగా, ఆగి ఆగి ఎక్కినా ఫరవాలేదు. పైకి చేరాక అయిదు నిమిషాల్లో ఊపిరి నిలకడకు వచ్చి, పక్కవారితో మాట్లాడగలిగితే సంతోషమే. ఛాతీలో బరువు, ఎడమచేతిలో లాగుడు వచ్చాయంటే అక్కడే కూర్చుని, దిగాక సరాసరి డాక్టరు దగ్గరికి రండి.

ఉపవాసం, చన్నీళ్ళు

ముక్తినాథ్ గుడి వెనక 108 ధారలు ఉన్నాయి. ఎద్దు ముఖాల్లోంచి మంచునీళ్ళు పడుతుంటాయి. వాటన్నిటి కిందా తలపెట్టి పరుగెత్తి, ఆపైన రెండు కుండాల్లో మునగడం ఆచారం. పడుచువారికి అది ఉల్లాసం. గుండె రక్తనాళాలు సన్నబడిన ముసలివాడికి ఆ చన్నీళ్ళు ఒంటిమీద పడగానే నాళాలు బిగుసుకుపోతాయి, రక్తపోటు ఒక్కసారి ఎగుస్తుంది. పైగా పలుచని గాలి, మెట్లెక్కిన ఆయాసం, ఖాళీ కడుపు. నాలుగూ ఒకచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా? చేతిలోకి నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకుంటే ప్రోక్షణ అవుతుంది. శాస్త్రం దానికి ఒప్పుకుంటుందని మా ఊరి అర్చకులే చెప్పారు, నేను కల్పించింది కాదు.

ఖాళీ కడుపు మాట వచ్చింది గనుక - చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది ప్రాణం మీది సంగతి. దర్శనమయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనంటారు. కాని తెల్లవారుజామున అలవాటు చొప్పున గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసేసుకుంటారు, లేదా ఇన్సులిన్ పొడుచుకుంటారు. పది గంటలయ్యేసరికి చెమటలు, వణుకు, కళ్ళు బైర్లు, అయోమయం. ఒకావిడ ఇలాగే గుడి మెట్ల మీద ఒరిగిపోయి ఏదో గొణుగుతుంటే పూనకమని చుట్టూ చేరి దణ్ణాలు పెట్టారట. ఆమె మనవడికి సందేహం వచ్చి నోట్లో గ్లూకోజు పొడి వేశాడు గనుక బతికింది. ఆ కుర్రవాడే ఈ కథ నాకు చెప్పాడు. ఉపవాసమైతే ఆ పూట మాత్ర సంగతి డాక్టరుతో ముందే తేల్చుకోండి. నా మాట వినేవారైతే, పటికబెల్లం ముక్కలు జేబులో వేసుకుని, రెండు ఇడ్లీలు తినే వెళ్ళండి.

ఇన్సులిన్‌కు ఎండా పడదు, గడ్డకట్టే చలీ పడదు. బస్సు టాపు మీద పెట్టె ఎండకు ఉడుకుతుంది, జోమ్సోమ్‌లో రాత్రి అదే పెట్టె మంచుగడ్డ అవుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాలి. వేడి ప్రాంతాల్లో తడిగుడ్డ చుట్టిన డబ్బాలో, కొండ మీద ఒంటికి ఆనించి చొక్కా లోపల ఉంచుకోండి.

బస్సులో గంటల తరబడి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు. రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయండి. దారిలో మరుగుదొడ్డి దొరకదని ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగరు. మూడోనాటికి మూత్రంలో మంట, చలిజ్వరం. సిగ్గుపడకుండా డ్రైవరును బస్సు ఆపమనండి, ఆపుతాడు. నేపాలు కొండదారుల్లో రాత్రి ప్రయాణం, వర్షాకాలపు ప్రయాణం వద్దే వద్దు. 2024 ఆగస్టులో మహారాష్ట్ర యాత్రికుల బస్సు మర్స్యాంగ్డి నదిలో పడి ఎందరో పోయారు. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగిస్తూ ఉండండి. నీళ్ళ విరేచనాలతో ఉన్నవారు రక్తపోటుకు వాడే నీరు తీసే మాత్రను ఆపాలా అని ఫోనులో తమ డాక్టరును అడగాలి.

మందులు యాత్ర రోజులకు సరిపడా కాదు, ఇంకో రెండు వారాలకు ఎక్కువ తీసుకెళ్ళండి. ఎందుకంటే - 2025 సెప్టెంబరులో నేపాలులో అల్లర్లు చెలరేగి ఖాట్మండు విమానాశ్రయం మూతబడింది. మన రాష్ట్రపు యాత్రికులు ఎందరో అక్కడ చిక్కుపడ్డారు. ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి విశాఖపట్నంలో, తిరుపతిలో దించింది. కర్ఫ్యూలో మందుల షాపు ఎవరు తెరుస్తారు? రక్తం పలుచన చేసే మాత్రలు, మూర్ఛ మందులు రెండు రోజులు ఆగినా ముప్పే. మాత్రలన్నీ ఒక హార్లిక్సు సీసాలో కలిపి పోయవద్దు. పేర్లు కనబడే అట్టలతోనే ఉంచి, సగం మీ దగ్గర, సగం మీవాళ్ళ దగ్గర పెట్టుకోండి. పెద్ద పెట్టెలో పెడితే ఆ పెట్టె గోరఖ్‌పూరులో ఉండిపోవచ్చు.

తూర్పు దేశాలకు వెళ్ళేవారికి

మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. ఆ సౌకర్యాన్ని 2026 డిసెంబరు 31 దాకా పొడిగించారు. థాయిలాండ్ కూడా 2023 నవంబరులో ఇలాగే తలుపు తీసింది. ఈ గడువులు మారుతూ ఉంటాయి గనుక టికెట్టు కొనేముందు ఆ దేశపు రాయబార కార్యాలయం వారి ప్రకటన చూడాలి. వీసా లేకపోయినా పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్టు, బస ఎక్కడో చూపే కాగితం, చేతి ఖర్చుకు డబ్బు ఉండాలి. దిగడానికి మూడు రోజుల లోపు కంప్యూటరులో రాక వివరాల కార్డు నింపాలి. మలేషియా 2024 జనవరి 1 నుంచి, థాయిలాండ్ 2025 మే 1 నుంచి దీన్ని తప్పనిసరి చేశాయి. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనబడితే అది వేరెవరిదో అనుకోండి.

వైద్యుడిగా నేను ఇక్కడ భయపడేది ఇంకో విషయానికి. మన పట్నాల్లో నిద్ర మాత్రలు, దిగులుకు వేసుకునే ఆల్ప్రజోలామ్ వంటివి, ట్రమడాల్ నొప్పి మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గు మందులు చాలా ఇళ్ళలో తలగడ కిందే ఉంటాయి. ఆ దేశాల్లో ఇవి కఠినమైన చట్టాల కిందికి వస్తాయి. మత్తుమందుల విషయంలో మలేషియా మరణశిక్ష దాకా వేసే దేశం. డాక్టరు చీటీ, జబ్బు పేరు, మందు అసలు పేరు, రోజుకెన్ని అన్నది ఇంగ్లీషులో రాసిన ఉత్తరం వెంట ఉండాలి. నెలకు మించి మందు ఉండకూడదు. పక్కింటివారు వాళ్ళ అబ్బాయికి ఇమ్మన్న మందుల పొట్లం మాత్రం, ఎంత దగ్గరివారైనా, తీసుకెళ్ళవద్దు. గసగసాలూ అంతే. గల్ఫు దేశాల్లో, సింగపూరులో అవి మత్తు సరుకు కింద జమ. కోడలికి మసాలా పొడి కొట్టి పంపే అత్తగార్లు ఈ ముక్క గుర్తుంచుకోండి. పూతరేకులకు అభ్యంతరం లేదు, చక్కెర వ్యాధి లేకపోతే.

మరొక్క మాట ఇంట్లో చదువుకున్న కుర్రవాళ్ళున్నవారికి. “థాయిలాండులో ఉద్యోగం, వీసా అక్కరలేదు, రేపే విమానం” అని ఎవరైనా అంటే నమ్మవద్దు. చూడటానికి వెళ్ళే అనుమతి మీద పని చేయకూడదు. అలా వెళ్ళినవారిని సరిహద్దు దాటించి మియన్మార్‌లో మోసాల కంప్యూటర్ల ముందు బందీలుగా కూర్చోబెట్టారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాల్లో 549 మందిని వెనక్కి తీసుకువచ్చారు. నిద్ర లేక, దెబ్బలు తిని, పీడకలలతో తిరిగి వచ్చే ఇటువంటి పిల్లలకు మందుతో బాటు చాలా ఓర్పు కూడా కావాలి.

ఇక మనం ఆ దేశాలకు మోసుకుపోయే జబ్బుల సంగతి. మారిషస్‌కూ మనవారికి ముందుగా వీసా అక్కరలేదు. కాని దిగాక అక్కడి ఆరోగ్య శాఖవారు మీ బస దగ్గరికి వచ్చి రక్తపు చుక్క అడిగితే కోపగించుకోకండి. ఆ దీవిలో 1973లో మలేరియా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. 1975లో తుపాను తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఏళ్ళ తరబడి పాటుపడి తుడిచిపెట్టారు. అందుకని మలేరియా ఉన్న దేశాల నుంచి వచ్చినవారిని కనిపెట్టి ఉంటారు. శ్రీలంక కూడా 2016లో మలేరియా లేని దేశమైంది. అంతరతామర నిండిన చెరువులు, బోదకాలు రోగం, దోమల సంగతి మన డెల్టావారికి ఒకరు చెప్పాలా? మనవల్ల మరొకరికి రాకూడదన్నది వారి జాగ్రత్త. ఆఫ్రికాలో పచ్చజ్వరం ఉన్న దేశాలకు పోయేవారు పది రోజులు ముందే టీకా వేయించుకోవాలి. విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయంలోనూ, హైదరాబాదు నారాయణగూడలో ఐ.పి.ఎమ్.లోనూ వేస్తారు. ఆ పత్రం లేకుండా అక్కడి నుంచి తిరిగి వస్తే మన దేశంలోనే ఆరు రోజులు వేరుగా ఉంచుతారు.

ఇన్సూరెన్సు గురించి రెండు ముక్కలు. మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు నేపాలులో చెల్లదు. ఇక్కడ మీరు ఏటా కట్టే ఆరోగ్య పాలసీల్లో చాలావాటికి దేశం దాటితే విలువ లేదు. ప్రయాణపు పాలసీ తీసుకుంటే అందులో పాత జబ్బులకు డబ్బిస్తారా, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టరు ఖర్చు ఇస్తారా అన్న మూడు సంగతులు చిన్న అక్షరాల్లో ఎక్కడ రాశారో వెతికి చదివించుకోండి. అబద్ధమాడి జబ్బు దాచి పాలసీ తీసుకున్నవారికి ఆనక ఒక్క పైసా రాదు.

మాస్టారు ఆ ఏడు వెళ్ళలేదు. కట్టిన డబ్బులో సగమే తిరిగి వచ్చిందని నామీద అలిగి రెండు నెలలు ఆస్పత్రి వైపు రాలేదు. మరుసటి ఏడు అక్టోబరులో, గుండె డాక్టరు పరీక్ష చేసి సరేనన్నాక, జోమ్సోమ్‌లో రెండు రాత్రులు ఆపే వారితో దంపతులిద్దరూ వెళ్ళారు. ఆయనకు ఏమీ కాలేదు. కొండ మీదికి చేరిన గంటకు ఆవిడకే తలనొప్పి, రెండు వాంతులు. తోటివారంతా ధారల దగ్గర వరుస కట్టి ఉండగా ఆయన జీపు మాట్లాడి ఆవిడను కిందికి దింపేశారు. జోమ్సోమ్ చేరేసరికి తేరుకుంది. గర్భగుడి ముందు దణ్ణం మాత్రం పెట్టుకుంది, 108 ధారల స్నానం కాలేదు. ఇప్పటికీ రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా “మీ మూలానే నా స్నానం పోయిందండి డాక్టరుగారూ” అంటుంది.

తిరిగి వచ్చిన రెండు నెలల లోపు మీకు జ్వరం వస్తే, మీ ఊరి డాక్టరుకు జ్వరం మాటతో బాటు ఏయే ఊళ్ళు తిరిగి వచ్చారో కూడా చెప్పండి. ఆయన అడగడం మరిచిపోవచ్చు.